కౌన్సిలర్‌కి పై ఆఫీసర్ ఉండడు, మరి కంప్లైంట్ ఎవరికివ్వాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక మున్సిపాలిటీ, ఊరి పేరు వెయ్యకండి. ఇంటి మీద ఒక గది వేసుకుంటున్నాం. సెంట్రింగ్ కడుతుంటే మా వార్డు కౌన్సిలర్ గారి భర్త వచ్చి పని ఆపించేశాడు. కౌన్సిలర్ ఆవిడే గాని ఆవిడ గడప దాటి రాదు, అన్నీ ఆయనే. ముప్పై వేలిస్తే ఎవరూ అడగరు అన్నాడు. పోయిన నెల పదివేలు ఇచ్చాం. మిగతా ఇరవై వేలకి రోజూ ఫోన్లు. మొన్న మా అత్త ఎదురు మాట్లాడిందని వీధిలో అందరి ముందు నోటికొచ్చిన బూతులు తిట్టి నీ పెన్షన్ తీయించేస్తాను అన్నాడు. ఆవిడ రెండ్రోజులు అన్నం ముట్టలేదు. మా ఆయన ఆటో తోలతారు, గొడవలెందుకు ఇచ్చీసి వదిలించుకుందాం అంటున్నారు. నాకు కంప్లైంట్ పెట్టాలనుంది. ఎవరికి పెట్టాలి, పెడితే మమ్మల్ని ఏటి చేస్తారు?

సమాధానం: అమ్మా, మీ లెటర్ రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది. రెండోసారి చదివితే అందులో రాయాల్సిన ఒక విషయం రాయలేదని కనబడింది, దాని దగ్గరికి వస్తాను, కొంచెం ఓపిక పట్టండి. నేను ముప్పై ఏళ్ళ పైన మున్సిపల్ ఆఫీసుల్లో గుమాస్తాగా కూర్చున్నోణ్ణి, ఇలాంటి పిటిషన్లు తిరిగి తిరిగి చేరేది నాలాంటోళ్ళ టేబుల్ మీదకే, వాటిని ఫైల్లో పెట్టి చల్లార్చిన పాపంలో నాకూ కొంచెం వాటా ఉంది. కాబట్టి ఏ పిటిషన్ చల్లారిపోద్ది, ఏది చల్లారదు అన్నది పుస్తకాలు చదివి చెప్పట్లేదు.

ముందు ఒక సంగతి అర్థం చేసుకోవాలి. గుమాస్తా తప్పు చేస్తే కమిషనర్‌కి చెప్తాం, ఆయన మెమో ఇస్తాడు, సస్పెండ్ చేయిస్తాడు. కమిషనర్ తప్పు చేస్తే పైన విశాఖపట్నంలో రీజనల్ డైరెక్టర్ ఉన్నాడు, ఆ పైన మున్సిపల్ డిపార్ట్‌మెంట్ డైరెక్టర్ ఉన్నాడు. కౌన్సిలర్‌కి అలా పైన ఎవరూ లేరు. ఆయన ఉద్యోగి కాదు, ఓట్లతో వచ్చినోడు. కసిరాడు, గౌరవం లేకుండా మాట్లాడాడు, ఫోన్ ఎత్తట్లేదు, వార్డులోకి రావట్లేదు అని మీరు కలెక్టర్‌కి పెట్టినా కలెక్టర్ ఆయనకి మెమో ఇవ్వలేడు. మధ్యలో దించీసే రూలు కూడా మన దగ్గర ఓటర్ల చేతిలో లేదు. ఏ కారణాలకి కౌన్సిలర్ పదవి పోద్దో 1965 మున్సిపాలిటీల చట్టంలో రాసుంది, మున్సిపాలిటీ కాంట్రాక్టు పనుల్లో తనకి వాటా ఉండటం, వరసగా మూడు నెలలు కౌన్సిల్ మీటింగులకి రాకపోవటం, ఇలాంటివి. నోటి దురుసు ఆ లిస్టులో లేదు. జనానికి ఇది తెలీక "కౌన్సిలర్ ప్రవర్తన బాగులేదు, తగు చర్య తీసుకోగలరు" అని రాసిస్తారు, ఏ చర్యా తీసుకోడానికి ఎవరికీ వీల్లేని కాయితం అది, నాలుగు ఆఫీసులు తిరిగి "పరిశీలించడమైనది" అనే ముద్ర పడి పడుకుంటాది.

అలాగని మీకు దారి లేదని కాదు, మీ విషయంలో గట్టి దారే ఉంది. మీరు ఒక గుక్కలో రాసిన దాంట్లో వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. డబ్బులడగటం ఒకటి, పని ఆపించటం ఒకటి, పెద్దావిడని తిట్టి బెదిరించటం ఒకటి, పెన్షన్ ఒకటి. అన్నీ ఒకే కాయితంలో రాసేస్తే ఏ ఒక్కదానికీ జవాబు రాదు, దేని గుమ్మం దానిదే.

పెన్షన్ సంగతి తొందరగా చెప్పీస్తాను, ఎందుకంటే ఆవిడకి అన్నం సయించని భయం అదే కదా. కౌన్సిలర్‌కి పెన్షన్ ఇచ్చే అధికారమూ లేదు, తీసే అధికారమూ లేదు. ఒకటో తారీఖున నాలుగు వేలూ తెచ్చి ఇచ్చేది సచివాలయం సిబ్బంది, మంజూరు మున్సిపల్ కమిషనర్ పేరు మీద. అర్హత లేదని ఎవరిదైనా తీయాలంటే వెరిఫికేషన్ జరగాలి, నోటీసు రావాలి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. వీధిలో నిలబడి తీయించేస్తాను అన్నంత మాత్రాన కంప్యూటర్లో పేరు ఎగిరిపోదు. ఆవిడకి ఈ ముక్క గట్టిగా చదివి వినిపించండి, ముందు ఆవిడ కడుపునిండా అన్నం తినాలి. పెన్షన్ ఐడీ నంబరు, ఆధార్, వయసు ప్రూఫు జిరాక్సులు ఒక కవర్లో పెట్టి ఉంచండి, ఎప్పుడైనా నోటీసంటూ వస్తే వెతుక్కోకుండా ఉంటాది.

ఇప్పుడు మీరు రాయని సంగతి. పై గదికి ప్లాన్ తీసుకున్నారా? లెటర్లో ఆ ఊసే లేదు, కాబట్టి తీసుకోలేదనే నేను అనుకుంటున్నాను, తప్పయితే క్షమించండి. ఆ మనిషి మీ ఇంట్లోకి దూరింది ఆ సందు లోంచే. వార్డులో ఎక్కడ కంకర దిగిందో, ఎక్కడ సెంట్రింగ్ చెక్కలు దిగాయో చూసుకుంటూ తిరిగేవాళ్ళు ప్రతి ఊర్లోనూ ఉన్నారు, వాళ్ళు అడిగే మొదటి మాట "ప్లానుందా?" అనే. లేదు అన్నామా, ఇక రేటు మొదలు. నిజానికి ప్లాన్ లేకుండా కడుతున్నారని నోటీసు ఇచ్చేది, పని ఆపమనేది కమిషనర్, ఆయన కింద టౌన్ ప్లానింగ్ వాళ్ళు, రాతపూర్వకంగా. కౌన్సిలర్ నోటితో వచ్చి ఆపించటానికి లేదు, కౌన్సిలర్ భర్తకి అసలే లేదు, ఆయనకీ మీ ఎదురింటాయనకీ చట్టం దృష్టిలో తేడా లేదు. అయితే మీరు కంప్లైంట్ పెట్టిన మర్నాడే ఆయన వెళ్ళి "ఆ ఇంటికి ప్లాన్ లేదు, నోటీసివ్వండి" అంటాడు, ఆ నోటీసు మాత్రం చట్టప్రకారమే వస్తాది. నేను చూసిన కంప్లైంట్లలో సగం వెనక్కి తీసుకున్నది ఈ దెబ్బకే. అందుకని ముందు మీ ఇల్లు చక్కబెట్టుకోండి. మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ ఉంటారు, ఆయన్ని కలిసి పై అంతస్తుకి పర్మిషన్ కావాలని అడగండి, లైసెన్సున్న ఇంజనీర్ దగ్గర డ్రాయింగ్ వేయించి ఆన్‌లైన్‌లో పెట్టించండి, ఫీజు రసీదు ఉంచండి. ఇప్పుడు ప్లాన్లన్నీ ఆన్‌లైనే, ఆ ఫైలు కౌన్సిలర్ చేతుల్లోంచి వెళ్ళే దారే లేదు. ఈ మాట చాలా మందికి తెలీదు, తెలిస్తే సగం మంది జేబుల్లోకి డబ్బు వెళ్ళదు. అప్లికేషన్ నంబరు వచ్చేదాకా స్లాబ్ మీద చెయ్యి వెయ్యకండి, సెంట్రింగ్ అద్దె పెరుగుతాదని నాకూ తెలుసు, అయినా ఆగండి.

సరే, డబ్బు. అసలు కేసు ఇదే.

ముందు చేదు మాట. లంచం ఇవ్వటం కూడా నేరమే, 2018లో అవినీతి నిరోధక చట్టం మార్చాక అది గట్టిపడింది. బలవంతం మీద ఇచ్చినోళ్ళకి ఒక వెసులుబాటు పెట్టారు, ఇచ్చిన ఏడు రోజుల్లోపల పోలీసులకో, లంచగొండుల్ని పట్టుకునే ఏసీబీకో చెప్పుకోవాలి. మీరు ఇచ్చింది పోయిన నెల అన్నారు, అంటే ఆ ఏడు రోజులు దాటిపోయాయి. దీనికి మీరు భయపడి ముడుచుకోవాల్సిన పని లేదు, కానీ తెలీకుండా వెళ్ళి చెప్పటం కన్నా తెలిసి వెళ్ళటం మంచిది. వెళ్ళే ముందు ఒక లాయర్‌తో మాట్లాడండి, దానికి డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. శ్రీకాకుళం కోర్టు దగ్గర జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్ళొచ్చు, అంత దూరం కష్టమైతే టెక్కలి, సోంపేట, పలాస లాంటి కోర్టులున్న ఊళ్ళలో మండల కమిటీలు ఉన్నాయి, ఏదీ కాకపోతే ఫోన్ 15100. ఆ పదివేల సంగతి దాచకుండా చెప్పండి. దాచితే రేపు అవతల లాయరు అదే పట్టుకుని మీ మొత్తం మాట అబద్ధమంటాడు.

ఇక మిగిలిన ఇరవై వేలు. అది మీరు ఇంకా ఇవ్వలేదు, ఆయన ఇంకా అడుగుతున్నాడు. అమ్మా, మీ చేతిలో ఉన్న బలమంతా ఈ ఇవ్వని ఇరవై వేలే. మీ ఆయన ఇచ్చీసి వదిలించుకుందాం అంటున్నారు చూశారా, ఇచ్చీసిన రోజున డబ్బుతో పాటు కేసు కూడా వెళ్ళిపోద్ది. ఇవ్వకముందే ఏసీబీకి చెప్పి వాళ్ళకి సాయంగా ఇస్తే అది మీ తప్పు కాదని చట్టంలోనే స్పష్టంగా ఉంది. ఏసీబీ నంబరు 1064, శ్రీకాకుళంలో వాళ్ళ ఆఫీసే ఉంది. ఫోన్ చేసి వెళ్తే కంప్లైంట్ రాసి ఇమ్మంటారు, చూసిన వెంటనే ఎగిరి వచ్చీయరు, ముందు గుట్టుగా వాకబు చేస్తారు, ఆయన నిజంగా అడుగుతున్నాడా, ఈవిడకీ ఆయనకీ పాత కక్షలున్నాయా అని. నమ్మకం కుదిరాక ట్రాప్ పెడతారు. నోట్ల నంబర్లు రాసుకుంటారు, నోట్లకి ఒక పొడి రాస్తారు, వేరే డిపార్ట్‌మెంట్ ఉద్యోగులు ఇద్దర్ని మధ్యవర్తులుగా తెస్తారు, ఆ నోట్లు ముట్టుకున్న చేతిని సోడా నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి, మీరు పేపర్లో చదివే ఉంటారు. మీరు పట్టుకెళ్ళిన డబ్బు కేసులో ఉండిపోద్ది గాని మీకు డిపార్ట్‌మెంట్ నుంచి తిరిగి ఇస్తారు. ఒకటే జాగ్రత్త, ఆయన అడిగితేనే ఇవ్వాలి, అడక్కుండా జేబులో కుక్కితే కేసు నిలబడదు. అడిగాడని రుజువు లేకపోతే చేతికి ఎంత రంగు అంటినా కోర్టులో తేలిపోద్ది.

కౌన్సిలర్ మీద ఏసీబీ కేసు అవుతాదా, ఆయన జీతగాడు కాదు కదా అని కొందరు స్టేషన్ అరుగుల మీద కూర్చుని వాదిస్తుంటారు. ఈ పేచీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, రాజస్థాన్ నుంచి వచ్చిన కేసులో 2013లో తేల్చారు, మున్సిపల్ కౌన్సిలర్ అవినీతి నిరోధక చట్టం కింద పబ్లిక్ సర్వెంటే అని. మరి భర్త? భర్త పబ్లిక్ సర్వెంట్ కాదు, నిజమే, కానీ నా పలుకుబడితో ఆఫీసు పని చేయించి పెడతాను అని డబ్బు తీసుకునే బయటి మనిషికి కూడా అదే చట్టంలో 7ఎ సెక్షన్ ఉంది, మూడేళ్ళ నుంచి ఏడేళ్ళు. కాబట్టి "నేనేమన్నా కౌన్సిలర్నా" అని తప్పించుకునే దారి ఆయనకి లేదు.

ఈ భర్తల సంగతి నాకు ఎప్పుడూ ఒళ్ళు మండే విషయం, ఒక్క నిమిషం. సగం సీట్లు ఆడవాళ్ళకి ఇచ్చారు, మంచిదే, ప్రమాణం ఆవిడ చేస్తాది, సంతకం ఆవిడ పెడతాది, స్కార్పియోలో తిరిగేది ఆయన, ఆఫీసులో కుర్చీ లాక్కుని కూర్చునేది ఆయన, మేము కూడా సిగ్గు లేకుండా "రండి కౌన్సిలర్ గారూ" అని ఆయన్నే పిలిచీవాళ్ళం. కౌన్సిల్ మీటింగు హాల్లో కూర్చోడానికి ఆయనకి హక్కు లేదు, ఫైలు చూపించమనే హక్కు లేదు. నా సర్వీసులో ఒక్క కౌన్సిలరమ్మ మాత్రం వాళ్ళాయన్ని గేటు బయటే టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి లోపలికి ఒక్కతే వచ్చేది, వీధి దీపాల లెక్క పోల్ నంబర్లతో సహా చెప్పేది, ఆవిడంటే మాకు దడ. మీ కౌన్సిలరమ్మకి ఈ వసూళ్ళు తెలుసో తెలీదో మనకి తెలీదు. అందుకని ఆవిడ డబ్బులు తీసుకుంది అని రాయకండి. "ఫలానా వార్డు కౌన్సిలర్ గారి భర్త, ఆవిడ పేరు చెప్పి అడిగారు" అని రాయండి, జరిగింది అదే కదా. వీలైతే ఒకసారి ఆవిడనే ఇంటికెళ్ళి కలవొచ్చు అని చెప్దామనుకున్నా గాని ఏసీబీకి వెళ్ళే ఉద్దేశం ఉంటే వద్దు, విషయం బయటికి పొక్కిపోద్ది.

అత్తగారిని తిట్టిన సంగతి పోలీసుది. ఇది మీ పేరు మీద కాదు, ఆవిడ పేరు మీద ఆవిడ వేలిముద్రో సంతకమో పెట్టి ఇవ్వాలి, ఎందుకంటే తిట్లు పడింది ఆవిడ. ఏమన్నాడో ఉన్నది ఉన్నట్టు రాయాలి, ఇక్కడే మన ఆడవాళ్ళు సిగ్గుపడి "అసభ్య పదజాలంతో దూషించెను" అని ఊరుకుంటారు, రాసేవాళ్ళు కూడా అదే రాస్తారు. కాదు, ఆ మాటలే రాయండి, ఆ మాటలే నేరం. చూసినోళ్ళు ఇద్దరి పేర్లు ఉండాలి, వాళ్ళని అడిగి రాయండి, అడక్కుండా రాస్తే రేపు స్టేషన్లో నేను లేనమ్మా అంటారు. స్టేషన్లో "ఇది తిట్టుకోవటమే కదా, కోర్టు పర్మిషన్ కావాలి" అని పంపించొచ్చు, కొన్ని సెక్షన్లకి అది నిజమే, అయినా కంప్లైంట్ అందినట్టు రాసిచ్చే కాయితం తీసుకోకుండా రాకండి. అసలు తీసుకోనే తీసుకోకపోతే అదే కంప్లైంట్ ఎస్పీ గారికి స్పీడ్ పోస్టులో పంపొచ్చు, కొత్త చట్టాల్లో కూడా ఆ వెసులుబాటు ఉంది, దానికీ కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టు. కులం పేరెత్తి తిట్టుంటే, మీరు ఎస్సీనో ఎస్టీనో అయితే, అది పూర్తిగా వేరే కేసు, 1989 చట్టం కిందకి వస్తాది, లాయర్‌కి ఈ మాట ముందే చెప్పండి.

ఇంక మీరడిగిన కలెక్టరేట్ సంగతి, నిజానికి మీరు అడగలేదు గాని ఎవరో ఒకరు మీకు ఈపాటికి చెప్పే ఉంటారు, "సోమవారం గ్రీవెన్స్‌లో పెట్టీ" అని. మన జిల్లాలో జనం ఆదివారం అరసవల్లి వెళ్ళొచ్చినట్టే సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్ళొస్తారు. మీకోసం అన్నారు, స్పందన అన్నారు, ఇప్పుడు పీజీఆర్ఎస్ అంటున్నారు, పేరు మారినా లైను అదే. వెళ్ళొద్దనను. కానీ ఆ కాయితం లోపల ఎలా ప్రయాణం చేస్తాదో చెప్తాను వినండి. మీ పిటిషన్ కంప్యూటర్లో ఎక్కిస్తారు, నంబరుతో స్లిప్పు ఇస్తారు, అది మున్సిపాలిటీకి సంబంధించింది కాబట్టి మీ కమిషనర్ లాగిన్‌కే వస్తాది, ఆయన సెక్షన్‌కి రాస్తాడు, సెక్షన్‌లో నాలాంటి గుమాస్తా దాన్ని చదివి మొదట చేసే పని ఏటో తెలుసా, ఫోన్ తీసి కౌన్సిలర్‌కి చెప్పటం. "సార్ మీ మీద ఒకటొచ్చింది, చూసుకోండి" అని. సాయంత్రానికి ఆయన మీ గుమ్మంలో ఉంటాడు. అందుకే ఏసీబీ పని అయ్యేదాకా లంచం మాట గ్రీవెన్స్‌లో పెట్టకండి. గ్రీవెన్స్‌లో పెట్టాల్సింది అధికారుల దగ్గర ఆగిన పని, అంటే ప్లాన్ అప్లికేషన్ పెట్టాక కావాలని ఆపితే అది పెట్టండి, కుళాయి ఇవ్వకపోతే అది పెట్టండి. 1100 కి ఫోన్ చేసి కూడా పెట్టొచ్చు. పని అవకుండానే "పరిష్కరించబడినది" అని మెసేజ్ వస్తే ఊరుకోకండి, రీఓపెన్ అడగండి. మొదటిసారి ముగించిన దాని మీద ఎవరూ రారనే ధీమాతోనే ముగిస్తారు, రెండోసారి వస్తే కొంచెం సర్దుకుని కూర్చుంటారు, ఇది అనుభవం మీద చెప్తున్నా.

కాయితం ఎలా రాయాలి అన్నది. పిటిషన్ అంటే మన వాళ్ళు "అయ్యా, నిరుపేదలమైన మేము" దగ్గర మొదలెట్టి తాతల కాలం నాటి గట్టు తగాదా మీదుగా ఆరు పేజీలు రాస్తారు, ఆరో పేజీ ఎవడూ చదవడు, అసలు విషయం ఆరో పేజీలోనే ఉంటాది. ఒక్క పేజీ చాలు. ఇదిగో ఇలాగ:

"ఫలానా తేదీ, ఉదయం సుమారు పది గంటలకి, మా ఇంటి దగ్గర సెంట్రింగ్ పని జరుగుతుండగా ఫలానా వార్డు కౌన్సిలర్ గారి భర్త ఫలానా వారు వచ్చి పని ఆపించి, ముప్పై వేల రూపాయలు ఇస్తేనే పని జరగనిస్తామని అన్నారు. అప్పుడు అక్కడ మేస్త్రి, నేను ఉన్నాము. ఫలానా తేదీన భయంతో పదివేలు ఇచ్చాము. మిగతా ఇరవై వేలకి ఫలానా నంబరు నుంచి ఫలానా తేదీల్లో ఫోన్ చేశారు. విచారించి చర్య తీసుకోవాలని కోరుతున్నాను."

అంతే. దుర్మార్గుడు, అవినీతిపరుడు, వార్డుని పీడిస్తున్నాడు, ఇలాంటి మాటలు ఒక్కటి కూడా వద్దు. మా దగ్గరికి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చీవారు, ఆయన పిటిషన్‌లో విశేషణమే ఉండేది కాదు. వాళ్ళ సందులో కాలవ పని కౌన్సిలర్ బినామీ పేరు మీద చేయించాడని ఊరంతా అనుకునేవాళ్ళు, ఈయన అది రాయలేదు. పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద ఆ పని ఎస్టిమేట్, ఎం బుక్కు కాపీలు అడిగాడు. ఎం బుక్కు అంటే పని కొలతలు ఎక్కించే పుస్తకం. అందులో కాలవ నలభై మీటర్లని ఉంది. మాస్టారు టేపు పట్టుకుని మనవడితో కొలిపిస్తే ఇరవై రెండు. పిటిషన్‌లో ఆ రెండు అంకెలే రాసి కాపీ జత చేశాడు. బిల్లు ఆగింది, ఆ పని చూసిన ఇంజనీరు ఏఈకి మెమో వచ్చింది, కౌన్సిలర్ మాస్టారి ఇంటికి వెళ్ళి మంచం మీద కూర్చుని కాఫీ తాగి మరీ బతిమాలుకున్నాడు. ఆరు పేజీల కన్నీళ్ళని ఫైల్లో పెట్టీసిన మా ఆఫీసు ఆ రెండు అంకెల్ని ఎక్కడా పెట్టలేకపోయింది. మీ వార్డులో కూడా ఆయన కాంట్రాక్టులు చేస్తున్నాడని ఉంటే ఇది చెయ్యొచ్చు, తెల్ల కార్డుంటే ఆ పది రూపాయలు కూడా అక్కర్లేదు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. వాటా ఉందని తేలితే అది పదవి పోయే కారణం, ఓటరు ఎవరైనా కమిషనర్‌కి రాసివ్వొచ్చు, తకరారొస్తే జిల్లా కోర్టు తేలుస్తాది. కాకపోతే ఇది మీ గొడవ తెమిలాక, ఇప్పుడే అన్నీ నెత్తికెత్తుకోకండి.

ఏ ఆఫీసులో ఇచ్చినా రెండు కాపీలు, రెండో దాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, గుండ్రటి సీలు. "ఉంచి వెళ్ళండమ్మా, సార్ చూస్తారు" అంటే నవ్వుతూనే అక్కడే నిలబడండి, సీలు పడేదాకా. పోస్టులో అయితే స్పీడ్ పోస్టే, రిజిస్టర్ పోస్టుని 2025లో అందులోనే కలిపేశారు, రసీదు పిన్ను కొట్టి ఉంచండి. ఫోన్ కాల్ రికార్డింగ్ ఉంటే కాపీ చేసి పంపి అసలుది చెరిపీకండి, ఆ ఫోన్ కూడా ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చీకండి, కోర్టు అడిగేది ఆ ఫోనే.

రెండు పనులు మాత్రం చెయ్యొద్దు. వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. అధికారం ఉన్నోళ్ళకి మంచి బుద్ధితో ఇచ్చే ఫిర్యాదుకి పరువు నష్టం కేసు నుంచి చట్టంలోనే రక్షణ ఉంది, గ్రూపులో పెట్టిన వాయిస్ మెసేజ్‌కి ఆ రక్షణ ఉండదు, పైగా ఆయనకి ముందే తెలిసిపోద్ది. రెండోది, అవతల పార్టీ నాయకుడి దగ్గరికి ముందుగా పరిగెత్తొద్దు. ఆయన ఎంతో ఆదరిస్తాడు, మర్నాడే మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టి ప్రెస్‌మీట్ పెడతాడు, అప్పట్నుంచి అది మీ ఇరవై వేల గొడవ కాదు, పార్టీల గొడవ. ఆ తర్వాత ఒక రోజు వాళ్ళిద్దరూ ఏదో పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని భోజనం చేస్తారు, మీ దగ్గరికి "పోనీలే అమ్మా, అయిపోయిందేదో అయిపోయింది" అని కబురొస్తాది. ఇంకొందరు ఓట్లప్పుడు చూసుకుందాం, ఎలాగూ అయిదేళ్ళకి పదవి అయిపోద్ది కదా అంటారు. పదవి పోయినా చేసిన నేరం పోదు, కానీ అడుగుతున్న డబ్బుకి ట్రాప్ పెట్టాలంటే అడుగుతున్నప్పుడే పెట్టాలి.

పెడితే ఏటి చేస్తారు అన్నారు. అబద్ధం చెప్పను, కొన్నాళ్ళు ఇబ్బంది ఉంటాది. చెత్త బండి మీ గుమ్మం ముందు ఆగకుండా పోవచ్చు, మీ ఆయనకి ఆటో స్టాండులో వరస తప్పించొచ్చు, ఆయన భయం ఉట్టిది కాదు, రోజూ ఆ స్టాండులో నిలబడాల్సింది ఆయనే కదా. అందుకని ఆయన్ని పిరికివాడని అనకండి, ఆయనతో కూర్చుని ఏసీబీకి వెళ్ళేది ఎవరు, ఆ రోజు పిల్లలు ఎక్కడుంటారు అన్నది మాట్లాడుకోండి. మీ ఒక్కరికే జరిగుండదు. ఆ వీధిలో ఈ రెండేళ్ళలో ఇల్లు కట్టినోళ్ళు ఇంకెవరున్నారో మీకు తెలుసు, ట్రాప్ అయ్యాక వాళ్ళలో ఇద్దరైనా ఎవరి సంగతి వాళ్ళు వేరు వేరు కాయితాల మీద రాసిస్తే కేసు బరువు పెరుగుతాది. అంతకు ముందు మాత్రం వాళ్ళకి కూడా చెప్పకండి, చిన్న ఊళ్ళు, పొద్దున్న కుళాయి దగ్గర అన్న మాట మధ్యాహ్నానికి మున్సిపల్ ఆఫీసులో ఉంటాది. కేసయ్యాక బెదిరింపులొస్తే వచ్చిన ప్రతిదీ తేదీతో రాసుకుని అదే ఏసీబీ ఆఫీసర్‌కి చెప్పండి, సాక్షిని బెదిరించటం ఇంకో కేసు, అది ఆయన లాయరు ఆయనకి చెప్తాడు.

కాబట్టి ఈ వారం లాయర్‌ని కలవండి, ప్లాన్ అప్లికేషన్ పెట్టించండి. ఈలోగా ఆయన ఫోన్ చేస్తే పోట్లాడకండి, ఇవ్వను అనకండి, ఇస్తాను అని కూడా అనకండి, "డబ్బులు చూసుకుంటున్నామండి, చీటీ పాట డబ్బులు రావాలి" అనండి, ఎంత అన్నారండీ అని మళ్ళీ అడగండి, ఆయన నోటితో ఆయన్ని అంకె చెప్పనివ్వండి. ఫోన్ రికార్డింగ్ ఆన్‌లో ఉందో లేదో ఇవాళే చూసుకోండి.